బడి ఇమడాలా, బిడ్డ ఇమడాలా?

జూన్‌లో బళ్లు తెరిచాక పిల్లలకు కొత్త బట్టలు, బూట్లు, సాక్సులు, బెల్టు, సంచి వస్తాయి. 2020లో ఈ కిట్లు ఇవ్వడం మొదలైంది. ప్రభుత్వం మారితే కిట్టు పేరు మారింది గానీ లోపలి సరుకు దాదాపు అదే. తండా పిల్లల కాళ్లకు బూట్లు రావడం చిన్న సంగతి కాదు. మా తరంలో పదో తరగతికి వచ్చినా చెప్పులు లేనివాళ్లు ఉండేవాళ్లు. అందుకే ఆ రోజు పిల్లల ముఖాలు చూస్తే మనకూ ఆనందంగా ఉంటుంది.

ఆ సంబరంలో కలవని పిల్లలు మాత్రం ప్రతి ఏడాదీ ఒకరిద్దరు కనబడతారు. ఒకడు సాక్సు తొడిగిన మరుక్షణమే పీకి పారేస్తాడు. కొత్త చొక్కా మెడపట్టీ తగిలితే తేలు కుట్టినట్టు ఏడ్చేది ఒకతె. గంట కొడితే రెండు చెవులూ మూసుకుని బల్ల కిందికి దూరతాడు ఇంకొకడు. ఉన్నచోట గిరగిరా తిరిగినా కళ్లు తిరగనివాడు, చొక్కా కాలరు నమిలి నమిలి చిల్లులు పెట్టేవాడు, అన్నంలో కూర కలిస్తే ముద్ద ముట్టనివాడు కూడా ఉంటారు. వీళ్లకు మనం పెట్టే పేర్లు మీకు తెలుసు. మొండోడు, తిక్కోడు, గారాబం ఎక్కువైన పిల్ల. ఇంట్లో అవ్వ అయితే దిష్టి అంటుంది, గాలి సోకింది అంటుంది. స్టాఫ్‌రూమ్‌లో ఇంకో మాట వినబడుతుంది. అది నాకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది: "తండా పిల్లలు గదా సార్, అంతే."

ఆ "అంతే" గురించే ఈ వ్యాసం.

ముందు శాస్త్రం ఏం చెబుతోందో చూద్దాం. ఇంద్రియాలు ఐదు అని మనం చదువుకున్నాం, పిల్లలకూ అదే చెబుతున్నాం. అవి కాక ఇంకా కొన్ని ఉన్నాయి. ఒంటి నిలకడను, కదలికను తెలిపే ఏర్పాటు లోపలి చెవిలో ఉంది. కళ్లు మూసుకుని ఉయ్యాల ఊగినా ముందుకు పోతున్నామో వెనక్కి వస్తున్నామో తెలిసేది దానివల్లే. చెయ్యి ఎక్కడుందో, ఎంత బలం పెడుతోందో కండరాలూ కీళ్లూ మెదడుకు చెబుతూ ఉంటాయి. నెత్తిన నీళ్ల బిందె, చంకన ఇంకో బిందె పెట్టుకుని బోరింగు దగ్గరినుంచి నడిచి వచ్చే ఆడమనిషి కిందికి చూడకుండానే రాయి దాటుతుంది. అది ఆ ఇంద్రియం పని. ఆకలి, దప్పిక, ఒంటికి పోవాలన్న సూచన కూడా ఒంటి లోపలి కబుర్లే.

ఈ కబుర్లన్నీ ఒకేసారి వస్తుంటే మెదడు ఏది పట్టించుకోవాలో, ఏది వదిలెయ్యాలో ఏరుకుంటుంది. కొందరు పిల్లల్లో ఈ ఏరుకోవడం మనలా జరగదు. మనకు గాలి తగిలినట్టుండేది వాళ్లకు దెబ్బ తగిలినట్టుంటుంది. కొందరికి దీనికి తిరగబడి, గట్టిగా తాకితే తప్ప తాకినట్టే తెలియదు. అందుకే గోడకు గుద్దుకుంటారు, పక్కవాడి మీద పడతారు, గెంతుతారు. ఎ. జీన్ ఆయర్స్ అనే అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టు ఈ సంగతి మీద ఏళ్ల తరబడి పనిచేసి 1972లో పుస్తకం రాసింది. అక్కడినుంచే ఈ ఆలోచన ప్రపంచమంతా పాకింది.

అయితే వైద్యులందరూ దీన్ని ఒక విడి జబ్బుగా ఒప్పుకోలేదు. 2012లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, ఇంద్రియ ఇబ్బందిని ఒక రోగనిర్ధారణ పేరుగా వాడవద్దని తమ డాక్టర్లకు చెప్పింది. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం ఐదో కూర్పు కూడా దానికి విడిగా చోటివ్వలేదు. శబ్దానికి, స్పర్శకు, వెలుగుకు అతిగా స్పందించడాన్నీ, అసలు స్పందించకపోవడాన్నీ ఆటిజం లక్షణాల్లో ఒకటిగా మాత్రం చేర్చింది. అంటే బిడ్డ పడే బాధ నిజమేనని అందరూ ఒప్పుకుంటారు, దానికి విడిగా ఒక పేరుండాలా అన్నదే తగాదా. ఈ తేడా ఉపాధ్యాయులు గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూసి వచ్చి, క్లాసులో సగం మందికి మనమే జబ్బులు అంటగడతాం.

పేరు దాకా పోకముందే చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. పిలిస్తే పలకని బిడ్డకు చెవిలో చీము ఉందేమో, వినబడదేమో. మన్ను తినే బిడ్డకు రక్తం తక్కువేమో. వెలుగుకు కళ్లు చికిలించే బిడ్డకు చూపు సరిగా ఉందా? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్లు వచ్చిన రోజు మనం రిజిస్టరులో సంతకాలు తీసుకుని పంపేస్తే లాభం లేదు. ఈ బిడ్డ ఎప్పుడు, దేనికి, ఎంతసేపు ఇబ్బంది పడుతున్నాడో పది రోజులు రాసిపెట్టుకుని ఆ కాగితం వాళ్ల చేతిలో పెట్టాలి. డాక్టరు బిడ్డను చూసేది ఐదు నిమిషాలు, మనం చూసేది ఆరు గంటలు.

మన పిల్లల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఇంట్లో గోర్‌బోలీ, బడిలో తెలుగు, పుస్తకంలో సగం ఇంగ్లీషు. ఈ పడమటి కర్నూలులో సంతకు పోతే కన్నడం కూడా. ఆరేళ్ల బిడ్డ మాట్లాడకుండా మూలన కూర్చుంటే అది భాష తెలియని బెదురు కావచ్చు, ఇంద్రియాల ఇబ్బంది కావచ్చు, రెండూ కావచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి లాంటి ఎనిమిది భాషల్లో తల్లిభాషా బోధన మొదలుపెట్టినప్పుడు మన బంజారా భాష కూడా అందులో ఉంది, వాచకాలు కూడా వచ్చాయి. ఆ పని అన్ని తండాల బళ్లకూ చేరి ఉంటే ఈ చిక్కు సగం విడిపోయేది. చేరలేదు కాబట్టి, తండా భాష తెలిసిన మనబోటి వాళ్లం ఆ బిడ్డతో అరగంట గోర్‌బోలీలో మాట్లాడి చూడాలి. మన భాషలో పిలిచినా చెవులు మూసుకుంటే, అమ్మ ఒడిలో ఉన్నా డప్పుకు ఒళ్లు బిగుసుకుంటే, అది భాష ఒక్కదాని వల్ల వచ్చింది కాదని తెలుస్తుంది. తప్పు రెండు వైపులా జరుగుతోంది. భాష తెలియని బిడ్డను మందబుద్ధి అంటున్నారు, నిజంగా బాధపడే బిడ్డను తండా బిడ్డ కాబట్టి అంతే అంటున్నారు. రెండో తప్పు ఎవరికీ కనబడదు. అందులో అవమానించే మాట ఉండదు, వదిలెయ్యడమే ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. బిడ్డకు పేరు పెట్టించాలా వద్దా?

ఒక తల్లి నన్ను అడిగింది. "అన్నా, డాక్టరు కాడికి తీసుకపోతే వానికి ఏదో ఒక పేరు రాసిస్తాడు. ఆ పేరు వాని పెండ్లి దాకా పోతాదా?" ఆమె భయం వట్టిది కాదు. మన జాతుల మీద పేర్లు రాసినవాళ్లు మనవాళ్లు కారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టిన బిడ్డ పాలు మరవకముందే నేరస్థుల జాబితాలో పడే చట్టం అది. సంచార జాతులు ఎన్నో ఆ పేరు మోశాయి, పోలీసు స్టేషనులో హాజరు వేసుకున్నాయి. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. చట్టం పోయినా ఆ చూపు పోలేదని మనలో చాలామందికి బస్సులోనో బజారులోనో తెలిసొచ్చే ఉంటుంది. అలాంటి వాళ్లకు "మీ బిడ్డకు ఒక పేరు రాయిద్దాం" అని చెబితే ఎలా వినబడుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

అయినా ఇంకో వైపు కూడా చూడాలి. షెడ్యూల్డ్ తెగ అన్నదీ ఎవరో రాసిన పేరే. ఆ సర్టిఫికెట్ పట్టుకునే మనం హాస్టల్లో చేరాం, టీటీసీ చదివాం, ఈ ఉద్యోగాల్లో ఉన్నాం. ఒక పేరు తాడులా కట్టేసింది, ఒక పేరు నిచ్చెన వేసింది. అందుకే నేను పేరును దాని పనిని బట్టి చూస్తాను. ఆ పేరు వల్ల బిడ్డ దగ్గరికి ఏమి వస్తుంది, బిడ్డ దగ్గరినుంచి ఏమి పోతుంది? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం అందులో ఉంది. ఆటిజం అని తేలితే సర్టిఫికెట్ వల్ల పెన్షనుకో, నిరామయ ఆరోగ్య బీమాకో, థెరపీకో దారి దొరకవచ్చు. అప్పుడు ఆ పేరు పెట్టించాల్సిందే, ఆలస్యం చెయ్యకూడదు. పేరు పెట్టింది బిడ్డను ఇంకో చోటికి పంపెయ్యడానికే అయితే, "మా బడిలో ఇలాంటి వాళ్లకు కుదరదు" అని చెప్పడానికే అయితే, ఆ తల్లి భయం నిజమైనట్టే. అదే చట్టం పదహారో సెక్షను ప్రకారం బిడ్డను చేర్చుకోవాలి, అతని అవసరాన్ని బట్టి సర్దుబాట్లు కూడా చెయ్యాలి.

ఇంద్రియ ఇబ్బంది ఒక్కటే ఉండి ఆటిజం లేని బిడ్డకు ఆ 21లో చోటు లేదు. సర్టిఫికెట్ రాదు. రాకపోతే ఏం? చొక్కా మెడ వెనక కుట్టిన గుడ్డముక్క కత్తిరించడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఈ సర్దుబాట్ల మాట ఎత్తగానే తోటి ఉపాధ్యాయుల నుంచి రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ బలమైనవే, కొట్టిపారెయ్యదగినవి కావు.

మొదటిది న్యాయం గురించి. ముప్పై మంది బూట్లు వేసుకుని కూర్చుంటే ఒక్కడికి మినహాయింపు ఎందుకు? పిల్లలే అడుగుతారు, "వానికి ఒక రూలు, మాకు ఒక రూలా సార్?" అని. కళ్లద్దాలు పెట్టుకున్న పిల్ల ఉదాహరణ చెప్పి ఊరుకోవచ్చు. కానీ నాకు ఇంకో దారి బాగా పనిచేసింది. మన ఇళ్లల్లో చెప్పులు వేసుకుని లోపలికి ఎవరు వస్తారు? తరగతి గదిలోకి అందరం బూట్లు బయట విప్పి వద్దామన్నాం. గది శుభ్రంగా ఉంది, బూట్లు ఎక్కువ రోజులు వచ్చాయి, ఆ బిడ్డ ఒక్కడే విడిగా కనబడలేదు. ఒక్కడికి కావలసింది చూడబోతే అందరికీ పనికొచ్చింది. అన్నిసార్లూ ఇంత సులువుగా కుదరదు. మధ్యాహ్న భోజనంలో కూర విడిగా, అన్నం విడిగా, గుడ్డు పచ్చసొన తీసి పెట్టమంటే వంట ఆయమ్మకు అది అదనపు పని. ఆమెకు వచ్చే గౌరవ వేతనం ఎంతో మనకు తెలుసు. అలాంటి చోట ఆమె ముందు వేదాంతం చెప్పకుండా, ఆ పళ్లెం మనమే పెట్టాలి. అన్నం ముట్టని బిడ్డ ఇంట్లో జొన్నరొట్టె కరకరా నమిలి తింటాడని తల్లి చెబితే, రొట్టె తెచ్చుకోనివ్వాలి. మెత్తగా జారేది నోట్లో పెట్టుకోలేని బిడ్డకు గట్టిది నమలడం హాయి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. "రేపు లోకం వీడికోసం మారుతుందా సార్? ఇప్పుడే రాటుదేలాలి." ఇది చెప్పేవాళ్లు కఠినులేమీ కారు, వాళ్లలో చాలామంది కష్టపడి పైకొచ్చినవాళ్లే. పైగా ఈ ప్రాంతంలో శబ్దం తప్పించుకుని బతకడం కష్టమే. దసరాకు మద్దికెరలో గుర్రాల పందెం, పీర్ల పండుగకు డప్పులు, తండాలో తీజ్, పెళ్లికి డీజే. మా ఊరి మీదుగా గుంతకల్లు నుంచి డోన్ వైపు పోయే రైలు కూత సరేసరి. వీటన్నిటి మధ్యే ఆ బిడ్డ బతకాలి.

కాబట్టి రాటుదేలాలన్న మాట నాకు సమ్మతమే, ఎలా అన్నదాంట్లోనే తేడా. ఈత రాని బిడ్డను బావిలోకి తోసి నేర్పేవాళ్లు మన పెద్దల్లో ఉండేవాళ్లు. కొందరికి ఈత వచ్చింది, కొందరు జన్మలో మళ్లీ నీళ్ల దగ్గరికి పోలేదు. డప్పుకు భయపడే బిడ్డను డప్పు పక్కన నిలబెడితే భయం ఇంకా పాతుకుపోతుంది. అదే బిడ్డ నాన్న భుజాల మీద కూర్చుని, వీధి చివర నుంచి చూసి, "పోదాం" అన్న మరుక్షణం ఇంటికి పోగలిగితే, మరుసటి ఏడాదికి పది అడుగులు దగ్గరికి వస్తాడు. వాడి చేతిలో ఒక పగ్గం ఉండాలి. మా బడిలో గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దానికి బెదిరే బిడ్డతోనే ఒకరోజు దాన్ని మెల్లిగా కొట్టించి చూశాం, బలవంతం లేకుండా. తాను చేసిన శబ్దం, ముందే తెలిసిన శబ్దం అంతగా బాధించదు. తర్వాత గంటకు ఒక నిమిషం ముందు వాడి భుజం మీద చెయ్యి వేసి చెప్పడం అలవాటు చేసుకున్నాం. మెల్లిగా నిమిరితే ఉలిక్కిపడతాడు, గట్టిగా అదిమితే నెమ్మదిస్తాడు. ఈ సంగతి మాకు చెప్పింది వాడి అవ్వ.

దెబ్బలతో రాటుదేలడం గురించి చెప్పాల్సింది తక్కువే. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షను దాన్ని నిషేధించింది. తాకితేనే తట్టుకోలేని ఒంటి మీద బెత్తం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆమె ఉంది. 1947లో పుట్టింది, ఆటిజం ఉన్న మనిషి, పశుశాస్త్ర ప్రొఫెసరు. చిన్నప్పుడు ఎవరైనా కౌగిలించుకుంటే భరించలేకపోయేది, అయినా ఒంటికి గట్టి ఒత్తిడి కావాలనిపించేది. ఒకసారి అరిజోనాలో అత్త వాళ్ల పశువుల క్షేత్రంలో, టీకా వేసేటప్పుడు పశువును రెండు వైపుల నుంచి నొక్కిపట్టే బోను చూసింది. లోపలికి పోయిన పశువు బెదురు తగ్గి నిలబడటం గమనించి, తనకోసం అలాంటిదే ఒక యంత్రం చేసుకుంది. పశువుల ఆసుపత్రి ముందు ఉండే ఇనుప బోను మనం ఎన్నిసార్లు చూసి ఉంటాం! తరాల తరబడి ఎద్దుల మంద వెంట నడిచిన జాతి మనది. బెదిరిన ఎద్దును కొట్టకూడదని, మెడ మీద గట్టిగా చెయ్యి వేసి నిలబెట్టాలని మన తాతలకు తెలుసు. పెద్ద చదువు చదవక్కర్లేని తెలివి అది. ఎద్దుకు ఇచ్చిన ఆ మర్యాద బిడ్డకు ఇవ్వడానికి ఏమి అడ్డం?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గ్రాండిన్ లాంటివాళ్ల కథ చెప్పగానే, "ఇలాంటి పిల్లలకు ఏదో అద్భుత శక్తి ఉంటుంది" అనే మాట వచ్చేస్తుంది. తొలకరి పడ్డాక తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో వజ్రాల కోసం జనం రోజులకొద్దీ నేల చూస్తూ తిరుగుతారు. చిన్న మెరుపు పట్టే కన్ను ఉన్నవాడికి అక్కడ విలువ. క్లాసులో నల్లబల్ల చూడకుండా కిటికీలో మెరిసే ధూళిని చూసే బిడ్డకు ఆ కన్ను ఉండొచ్చు. లేకపోనూ వచ్చు. వజ్రం దొరికితేనే ఆ బిడ్డను ఆదరిస్తామంటే, దొరకని రోజు ఏం చేస్తాం? ఏ ప్రత్యేకతా లేని బిడ్డకు కూడా ఒంటికి గుచ్చుకోని చొక్కా తొడుక్కునే హక్కు ఉంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది? సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు. బాల స్వాస్థ్య బృందం రాసిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పోవచ్చు. కాగితం మీద దారి ఉంది. తండా నుంచి చూస్తే, వారానికి రెండు రోజులు బిడ్డను భవితకు తీసుకుపోవాలంటే తల్లికి రెండు రోజుల కూలి పోతుంది, ఆటో ఖర్చు అదనం. పోలేకపోతే "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అని రిజిస్టరులో రాస్తారు. ఆ వాక్యం రాసే ముందు కూలి లెక్క వేసుకోవాలని నా మనవి. తండ్రిని కూడా పిలవాలి. బిడ్డ తేడాగా ఉంటే నింద అంతా తల్లి పెంపకం మీదికే పోతుంది, ఆసుపత్రికి మాత్రం ఆమె ఒక్కతే తిరగాలి. తాయెత్తు కట్టించారని, దర్గాకో మంత్రాలయానికో తీసుకుపోయారని వాళ్లను ఎగతాళి చెయ్యొద్దు. తాయెత్తు ఉండనీ, చెవి డాక్టరుకు కూడా చూపిద్దాం అంటే వింటారు. తాయెత్తు తాడు బిడ్డ మెడకు గుచ్చుకుంటుంటే మొలకు కట్టుకోమని చెప్పొచ్చు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వలస. పంట చేతికి రాని ఏడు ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ పల్లెల నుంచి కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతాయి. ఇటువంటి బిడ్డకు రోజూ ఒకేలా నడవడమే సగం మందు. అదే పళ్లెం, అదే చోటు, అదే దుప్పటి. ఉన్నట్టుండి లారీ ఎక్కించి, మిరప ఘాటులో, కొత్త గుడిసెలో పడుకోబెడితే మూడు నెలల్లో నేర్చుకున్నది మూడు రోజుల్లో పోతుంది. ఇంటి దగ్గర వదిలేస్తే అవ్వ మీదనో, సీజనల్ హాస్టల్ మీదనో భారం. ఈ రెండిట్లో ఏది మంచిదో తల్లికి చెప్పే అధికారం నాకు లేదు. తిండి గింజల లెక్క ఆమెది.

మనం చెయ్యగలిగింది ఒకటుంది. బిడ్డ ఎక్కడికి పోయినా వెంట పోయేలా ఒక కాగితం రాసివ్వడం. వెనకనుంచి తాకొద్దు, ముందు పిలవండి. తల స్నానం చేయించే ముందు చెప్పండి, నీళ్లు వాడి చేత్తోనే పోసుకోనివ్వండి. ఏడుపు మొదలైతే మాట్లాడించొద్దు, నీడకు తీసుకుపోయి దుప్పటి గట్టిగా చుట్టండి, ముఖం మాత్రం కప్పొద్దు, వద్దంటే తీసెయ్యండి. రొట్టె తింటాడు, పెరుగన్నం తినడు. ఇటుకలు, నీళ్ల చెంబు, పుస్తకాల కట్ట మోసే పని ఇస్తే కుదురుగా ఉంటాడు. ఒక పేజీ చాలు. అందులో సగం సంగతులు ఇంట్లోవాళ్లు చెప్పినవే, మనం రాసిపెట్టేవాళ్లం మాత్రమే.

పోయిన ఏడాది ఒక బిడ్డ తల్లిదండ్రులు డిసెంబరులో బయలుదేరుతూ వాణ్ణి అవ్వ దగ్గర వదిలారు. కాగితం రాశాం గానీ అవ్వకు చదువు రాదు. ఆ తల్లే గోర్‌బోలీలో చెబుతుంటే ఫోనులో రికార్డు చేశాం. అవ్వ పొద్దున్నే దాన్ని పెట్టుకుని వింటోందట. బిడ్డ కూడా పక్కన కూర్చుని వింటున్నాడట, అమ్మ గొంతు కాబట్టి.